ఆఫ్‌సెట్ స్మోకర్‌లో నిప్పు: బుట్టా, పేళ్లా, పూర్తి కట్టెలా, పార నిప్పులా?

నాకు తెలిసినంతలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఆఫ్‌సెట్ స్మోకర్, అంటే మాంసాన్ని పొగలో నిదానంగా వండే పొయ్యి, కొన్నవాళ్లకంటే వెల్డింగ్ షాపులో చేయించుకున్నవాళ్లే ఎక్కువ. 200 లీటర్ల డ్రమ్ము, దాని పక్కన కాస్త కిందికి ఒక నిప్పు పెట్టె, అవతలి చివర పొగ గొట్టం. నిప్పు పక్క పెట్టెలో, మాంసం డ్రమ్ములో, వేడీ పొగా మాంసం మీదుగా పోయి గొట్టంలోంచి బయటికి, అంతే దాని నిర్మాణం. చేయించుకోవడం ఒక ఆదివారం పని. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు అందరూ ఒకే చోట ఆగిపోతారు: నిప్పు ఎలా పెట్టాలి, పెట్టాక దాన్ని 120 డిగ్రీల దగ్గర ఎలా నిలబెట్టాలి.

నాకది ఒక దసరాకి తెలిసొచ్చింది. రెండు పొట్టేలు జబ్బలు, మూడు కిలోల పైనే, లోపల పెట్టి, పొగంతా లోపలే ఉంటే రుచి బాగా పడుతుంది కదా అని గొట్టం మూత ముప్పాతిక మూసేశాను. గంట తిరక్కుండానే డ్రమ్ము అతుకుల్లోంచి తెల్ల పొగ కారడం మొదలైంది, నేనేమో చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటున్నాను. సాయంత్రం కోసి పెడితే మా మామ ఒక్క ముక్క నమిలి "ఏందిరా, తారు డ్రమ్ముల ఉడకబెట్టినవా దీన్ని?" అన్నాడు. ఆయన్ని ఏమనగలను, నాక్కూడా నాలుక మొద్దుబారింది. ఆ రాత్రి అందరం గుడ్లు పొరటుకుని తిన్నాం.

అప్పట్నుంచి నాలుగు రకాలుగా నిప్పు పెట్టి చూశాను. ఏది మంచిదని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను కానీ, ఎంచుకునే ముందు తెలియాల్సింది మాత్రం ఒకటుంది. బొగ్గులోని తడి, పొగ పుట్టించే ఆవిర్లు చాలావరకు బట్టీలోనే పోయి ఉంటాయి కాబట్టి గాలి తగ్గించినా అది పెద్దగా పొగబెట్టదు, ఎర్రగా నిదానంగా కాలుతూ ఉంటుంది. కట్టె అలా కాదు, గాలి తగ్గిస్తే మంట ఆరిపోతుంది, కాలని ఆవిర్లన్నీ తెల్ల పొగై మాంసం మీద తారులాగా పేరుకుంటాయి. అందుకని బొగ్గు వేడిని గాలి మూతతో, అంటే నిప్పు పెట్టెలోకి గాలి వచ్చే కంతకుండే మూతతో, తగ్గించుకోవచ్చు, కట్టె వేడిని తగ్గించాలంటే చిన్న కట్టె వేయడం తప్ప వేరే దారి లేదు. మా అమ్మ కట్టెల పొయ్యి మీద చేసేది ఇదే: మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగేది, పొయ్యి నోరు ఎప్పుడూ మూసేది కాదు. ఇంట్లో రోజూ చూసిన సంగతి డ్రమ్ము ముందు నిలబడేసరికి నాకు గుర్తు రాలేదు, అంతే.

ముందు మీ సంగతి తేల్చుకోండి

మొదటిది సమయం. నిప్పు పెట్టె పక్కన కుర్చీ వేసుకుని ఐదారు గంటలు కూర్చోగలరా, లేక మధ్యలో పాలకు పోవాలి, పిల్లల్ని ట్యూషన్ నుంచి తేవాలి అనే రకమా? కట్టె పద్ధతుల్లో అరగంటకోసారి నిప్పు చూడాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

రెండోది రేకు మందం. మామూలు డ్రమ్ము రేకు ఇంచుమించు 1 మి.మీ. ఉంటుంది. అమెరికాలో ఈ పని కోసమే చేసే బరువైన స్మోకర్లకు 6 మి.మీ. ప్లేటు వాడతారు. పల్చటి రేకు వేడిని పట్టి ఉంచలేదు, మూత ఒక్కసారి తెరిస్తే 30 డిగ్రీలు పడిపోతుంది, గాలి వీస్తే ఇంకో 10. మందం రేకు ఎక్కడానికి గంట తీసుకుంటుంది కానీ ఎక్కాక మొండిగా అక్కడే ఉంటుంది. కొత్తగా చేయించుకుంటుంటే డబ్బులు డ్రమ్ము మీద కాకుండా నిప్పు పెట్టె మీద పెట్టండి, అది 4 మి.మీ. అయినా ఉండాలి. గాల్వనైజ్డ్ రేకు మాత్రం వద్దు, బాగా కాలితే దాని జింక్ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. పాత డ్రమ్ములో ఇంతకుముందు ఏముండేదో తెలియకపోతే ఆ డ్రమ్మే వద్దు. తెలిసినదైనా సరే, లోపలి రంగూ పూతా పోయేదాకా ఒకసారి కట్టెలేసి ఎర్రగా కాల్చి, గీకి, నూనె రాసి మళ్లీ కాల్చాకే మాంసం పెట్టాలి.

మూడోది ఏం వండుతారు. కోడికి గంటన్నర, రెండు గంటలు చాలు. పొట్టేలు జబ్బకి ఐదారు గంటలు పడుతుంది. కొర్రమీను గంటలో అయిపోతుంది. గంటన్నర పనికి ఏ పద్ధతైనా సరిపోతుంది, ఐదు గంటల పనికే ఈ గొడవంతా.

నాలుగోది పక్కింటివాళ్లు. నవ్వకండి. ఊళ్లో దొడ్లో పెట్టుకునేవాళ్లకీ, హౌసింగ్ బోర్డు కాలనీలో డాబా మీద పెట్టుకునేవాళ్లకీ ఒకే సలహా పనికిరాదు, పొగ పోయి ఎవరి ఉతికిన బట్టల మీద కూర్చుంటుందో చూసుకోవాలి.

ఏ పద్ధతికైనా తప్పనివి

పొగ గొట్టం మూత పూర్తిగా తెరిచే ఉంచండి. వేడి గాలి గొట్టంలోంచి పైకి పోతేనే కిందనుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది, గొట్టం మూస్తే నిప్పుకి ఊపిరి ఆడదు. ఏమైనా తగ్గించాలంటే నిప్పు పెట్టె దగ్గరున్న గాలి మూతతోనే, అది కూడా బొగ్గు నిప్పుకే.

మూతకి బిగించి ఇచ్చే డయల్ మీటరును నమ్మవద్దు. అది మూత పైభాగంలో వేడి చెబుతుంది, మాంసం ఉండేది జాలీ మీద. నిప్పు పెట్టె వైపుకీ గొట్టం వైపుకీ కూడా 20, 30 డిగ్రీల తేడా ఉండొచ్చు. వైరు ఉన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి తెచ్చుకుని, వైరు చివరుండే పుల్లను జాలీ ఎత్తులో, మాంసం పక్కనే పెట్టండి. అది సరిగ్గా ఉందో లేదో మరిగే నీళ్లలో ముంచి చూసుకోవచ్చు, కాకపోతే మన దక్కన్ ఎత్తులో నీళ్లు 98, 99 మధ్యనే మరుగుతాయి, 100 చూపించలేదని వాపసు ఇవ్వకండి. అమెరికా వంటల్లో 225, 250, 275 అని రాసేది ఫారెన్‌హీట్, మన లెక్కలో అవి 107, 121, 135. ఈ మధ్యలో ఎక్కడున్నా మాంసానికి ఫరవాలేదు. 121 దగ్గర గీత గీసినట్టు నిలబెట్టాలని టెన్షన్ పడి గాలి మూతని నిమిషానికోసారి కదిపేవాళ్లే చివరికి నిప్పు పాడుచేస్తారు.

పొగ రంగు చూడటం నేర్చుకోండి. పల్చగా, లేత నీలంగా, కొన్నిసార్లు కంటికి కనిపించీ కనిపించకుండా వస్తుంటే బాగుంది. తెల్లగా దట్టంగా, పొంగు వచ్చినట్టు వస్తుంటే నిప్పుకి గాలి చాలట్లేదు, లేదంటే కట్టె పచ్చిది. రాజేసిన మొదటి పావుగంట తెల్ల పొగ మామూలే, అది పోయాకే మాంసం పెట్టాలి.

అతుకుల్లోంచి గాలి దూరితే ఏ మూతా పనిచేయదు. రాత్రిపూట లోపల టార్చిలైటు పెట్టి మూతలేసి చుట్టూ తిరిగి చూడండి, వెలుతురు వచ్చిన చోటల్లా గాలి వస్తుంది. వేడి తట్టుకునే తాడు దొరికితే అంటించండి. దొరక్క నేను ఒకసారి బిర్యానీ దమ్ముకి పెట్టినట్టు గోధుమ పిండి ముద్ద అద్దాను. ఆ పూటకి పనిచేసింది, రాత్రి ఎలుకలు వచ్చి తినేశాయి.

బొగ్గూ కట్టే ఎక్కడివి

మనవైపు మార్కెట్లో దొరికే బొగ్గు చాలావరకు సర్కారు తుమ్మదే, ఇస్త్రీ బండ్లవాళ్లు వాడేది కూడా అదే. చెరువు శిఖంలో, బీడు భూముల్లో ఎక్కడ చూసినా పెరిగి రైతుల్ని విసిగించే ఈ ముళ్ల చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చింది, టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి వాడే మెస్కీట్‌కి దగ్గరి చుట్టం. అంటే వాళ్లు సంచుల్లో పెట్టి అమ్ముకునే సరుకు జాతే మన పొలం గట్టు మీద ఊరికే పెరుగుతోంది. వేడి బాగా ఇస్తుంది. రవ్వలు కూడా బాగా ఎగరేస్తుంది, రాజేసేటప్పుడు మొహం దూరంగా పెట్టండి. కొనేటప్పుడు రెండు ముక్కలు ఒకదానికొకటి తగిలించి చూడండి, పెంకు మోగినట్టు టింగుమంటే బాగా కాలిన బొగ్గు. మొద్దుగా చప్పుడు చేసి, విరిస్తే లోపల గోధుమ రంగు ఉంటే అది సగం కాలిన కొరకంచు, పొగ తప్ప ఏమీ ఇవ్వదు. సంచి అడుగున ఉండే పొడిని నిప్పు పెట్టెలో పోయకండి, గాలి దారులు మూసుకుపోతాయి.

కొబ్బరి చిప్పల బొగ్గు బిళ్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, అంటుకోవడానికి బద్ధకం, కానీ అన్నీ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి సమంగా, చాలాసేపు కాలతాయి. కట్టె బొగ్గులో ఒక ముక్క పిడికిలంత, ఇంకోటి గోళీకాయంత ఉండటమే వేడి పైకీ కిందికీ ఊగడానికి సగం కారణం. ఓపికుంటే సైజులవారీగా ఏరుకోండి, పెద్దవి అడుగున, చిన్నవి రాజేయడానికి.

పొగ రుచికి కట్టె విషయంలో మనం నిజంగా అదృష్టవంతులం. నల్లగొండ అంటేనే బత్తాయి. పాతబడిన తోటలు కొట్టేసినప్పుడు ఆ కట్టె అడిగితే ఇస్తారు, మెత్తటి పొగ, కోడికీ చేపకీ దీన్ని మించింది నాకు దొరకలేదు. పాలమూరు వైపువాళ్లకి కొల్లాపూర్ మామిడి తోటలు ఉండనే ఉన్నాయి, మామిడి కట్టె పొట్టేలు మాంసానికి బాగా కుదురుతుంది. జామ కూడా మంచిదే. సర్కారు తుమ్మ పచ్చిగా కాకుండా ఎండబెట్టినది వాడినా పొగ ఘాటు ఎక్కువ, చెయ్యి తిరిగేదాకా ఒకటీ అరా పేడు మించి వేయకండి. వేప పొగ దోమలకి వేసేది, మాంసానికి వద్దు. నీలగిరి వేస్తే జలుబు మందు వాసన వస్తుంది. గన్నేరు విషం, దాన్ని సలాకగా కూడా వాడకూడదు. పెయింటు వేసిన కట్టె, ప్లైవుడ్, పాత తలుపు చెక్కలు అసలే వద్దు. నల్లమల అడవి కట్టె జోలికీ పోకండి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పుల్ల విరిచినా కేసవుతుంది.

కొట్టిన కట్టె ఆరు నెలలైనా నీడలో ఎండాలి. మన ఎండలకి ఒక వేసవి గడిస్తే చాలు. చివర్లలో పగుళ్లు కనిపించి, రెండు పేళ్లు కొడితే గట్టిగా మోగితే తయారైనట్టు.

బుట్ట పద్ధతి

జాలీతో అడుగు వెడల్పు బుట్ట చేయించుకుని అందులో నాలుగు కిలోల దాకా రాజేయని బొగ్గు నింపుతారు. ఒక మూల గుంట చేసి, విడిగా రాజేసిన పదీ పన్నెండు ఎర్ర నిప్పులు అందులో వేస్తారు. అక్కడినుంచి నిప్పు పక్క బొగ్గుకి, దాని పక్క బొగ్గుకి మెల్లగా పాకుతుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జిమ్ మినియన్ పేరు మీద అమెరికాలో మినియన్ పద్ధతి అంటారు. పొగ కోసం మామిడివో బత్తాయివో పిడికిలంత ముక్కలు మూడు నాలుగు బొగ్గుల మధ్య అక్కడక్కడా పెడితే నిప్పు చేరినప్పుడల్లా ఒకటి అంటుకుంటుంది.

ఇక్కడ అదుపంతా గాలి మూతలో ఉంది, పట్టు కూడా తొందరగానే చిక్కుతుంది. 115 కావాలంటే 95 దగ్గరే మూత తగ్గించడం మొదలుపెట్టండి. మీటరు 115 చూపించాక తగ్గిస్తే అప్పటికే రాజుకున్న బొగ్గు దాన్ని 140కి తీసుకుపోతుంది, ఎక్కించినంత తేలిగ్గా దించలేరు. మూత ఒకసారి కదిపాక పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. నా పెట్టెలో ఒక బుట్ట మూడు గంటల పైన వస్తుంది, మధ్యలో ఒకసారి సలాకతో బుట్టని కుదిపి బూడిద రాల్చాలి, లేకపోతే బూడిదే నిప్పుని చంపేస్తుంది.

లోపం ఏంటంటే కొత్త బొగ్గు రాజుకునేటప్పుడల్లా కొంచెం పచ్చి వాసన వస్తూనే ఉంటుంది, బొగ్గు నాసిరకమైతే ఆ వాసన మాంసానికి తగులుతుంది. పొగ రుచి కూడా మితంగానే ఉంటుంది. కొందరికి అదే కావాలి.

నిప్పుల పడక, మీద కట్టె పేళ్లు

నేను ఎక్కువగా చేసేది ఇదే. రెండున్నర కిలోల బొగ్గు మొత్తం ముందే రాజేసి నిప్పు పెట్టెలో పడకలా పరుస్తాను. రాజేయడానికి పాత నూనె డబ్బా అడుగున కంతలు కొట్టించుకుంటే చాలు, కింద కాగితాలు, పైన బొగ్గు, ఇరవై నిమిషాల్లో పైదాకా బూడిద రంగు తిరుగుతుంది. కిరోసిన్, డీజిల్ పోసి రాజేస్తే ఆ వాసన తిన్నంతసేపూ ఉంటుంది.

పడక మీద ఒక్క పేడు వేస్తాను. మణికట్టు లావు, ముంజేయి పొడవు, అంతకంటే పెద్దది వద్దు. నిప్పు పెట్టె తలుపు సందుగా ఉంచి, పేడు మంట అందుకున్నాకే దగ్గరికి వేస్తాను, గాలి మూత మాత్రం ఎప్పుడూ సగానికి పైనే తెరిచి ఉంటుంది. తర్వాత వేయబోయే పేడు నిప్పు పెట్టె నెత్తి మీదే పెట్టి కాగనిస్తాను, అలా కాగిన పేడు లోపల పడగానే నిమిషంలో భగ్గుమంటుంది, పొగబెట్టే సమయమే ఉండదు. 30, 40 నిమిషాలకి ఒక పేడు. గంటన్నరకోసారి పడక పల్చబడుతుంది, అప్పుడు డబ్బాలో రాజేసిన నిప్పులు ఒక కిలో కలుపుతాను. చల్లటి బొగ్గు దాని మీద పోస్తే పది నిమిషాలు వేడి పడిపోయి తెల్ల పొగ వస్తుంది, తొందరపడి నేనూ చాలాసార్లు పోశాను.

వేడి ఎక్కువైందా, తర్వాతి పేడు సన్నది వేయండి లేదా పది నిమిషాలు ఆలస్యంగా వేయండి. తగ్గిందా, రెండు సన్నవి వేయండి. గాలి మూత తిప్పాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. ఈ పద్ధతిలో వేడి 110కీ 135కీ మధ్య అలలా పోతూ వస్తూ ఉంటుంది. ఈ రుచి మాత్రం బుట్ట పద్ధతిలో రాదు.

పూర్తిగా కట్టెలతో

టెక్సాస్ మధ్య ప్రాంతంలో పేరున్న హోటళ్లు చాలావరకు పోస్ట్ ఓక్ అనే కట్టెతో, బొగ్గు లేకుండానే వండుతాయి. వీడియోలు చూసి మనకీ అదే చేయాలనిపిస్తుంది. వాళ్ల నిప్పు పెట్టెలో మన డ్రమ్ము మొత్తం పడుతుంది. చిన్న పెట్టెలో పూర్తి కట్టె మంట పెడితే రెండే జరుగుతాయి: మంట బాగా ఉంచితే డ్రమ్ము 180 దాటుతుంది, వేడి తగ్గించాలని గాలి మూస్తే తారు. పెట్టె మందం 6 మి.మీ., పొడవు వెడల్పు అడుగున్నరకి పైన ఉంటేనే దీని జోలికి వెళ్లండి. అంత పెట్టె ఉన్నా మన సర్కారు తుమ్మతో కాదు, మామిడితో.

పార నిప్పులు

ఊళ్లో దావత్ ఉందనుకోండి. బగారా అన్నం ఒక పొయ్యి మీద, యాట కూర ఇంకో పొయ్యి మీద, కట్టెలు ఎలాగూ పొద్దున్నుంచి కాలుతూనే ఉంటాయి. ఆ పొయ్యిల కింద పడ్డ ఎర్ర నిప్పులు పారతో ఎత్తి స్మోకర్ పెట్టెలో వేసుకోవడమే ఈ పద్ధతి. పశ్చిమ టెక్సాస్‌లో మెస్కీట్‌ని ఇలాగే విడిగా కాల్చి, నిప్పులయ్యాకే మాంసం కిందికి తెస్తారు, దాని పచ్చి పొగ ఘాటు తట్టుకోలేకే ఆ ఏర్పాటు. మన సర్కారు తుమ్మకీ అచ్చంగా ఇదే సరిపోతుంది: చేదు చేసే పొగంతా బయటి పొయ్యిలో పోతుంది, లోపలికి వచ్చేది శుభ్రమైన సెగ. ఖర్చు సున్నా.

కాకపోతే కట్టె నిప్పులు బొగ్గంత సేపు నిలవవు, 20, 25 నిమిషాలకోసారి అర పార వేస్తూ ఉండాలి, దానికని ఒక మనిషి కావాలి. పొగ రుచి దాదాపు ఉండదు కాబట్టి మధ్యమధ్య చిన్న మామిడి పుల్ల వేసుకోవాలి. నిప్పులు మోసే దారిలో గడ్డివాము లేకుండా, పిల్లలు అడ్డం రాకుండా చూసుకోండి, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లుంటే ఇంకా జాగ్రత్త. ఒక బకెట్ నీళ్లు పక్కనే ఉండాలి.

నాలుగూ ఒకచోట చూడాలంటే:

| | బుట్ట | పడక + పేళ్లు | పూర్తి కట్టె | పార నిప్పులు |
|---|---|---|---|---|
| వేడి అదుపు | గాలి మూత | పేడు సైజు, వేసే సమయం | కట్టె సైజు | పారలో ఎన్ని నిప్పులు |
| నిప్పు చూడాల్సింది | 40 నిమిషాలకు | 30 నిమిషాలకు | 20 నిమిషాలకు | 20 నిమిషాలకు |
| పొగ రుచి | తక్కువ | బాగా | చాలా, తప్పితే చేదు | దాదాపు లేదు |
| పల్చటి డ్రమ్ముకి | సరిపోతుంది | సరిపోతుంది | వద్దు | సరిపోతుంది |
| ఖర్చు | బొగ్గుదే అంతా | సగం బొగ్గు, సగం కట్టె | కట్టె చాలా పోతుంది | దావత్‌లో ఉచితం |

ఎవరికి ఏది

మొదటిసారా? బుట్ట, అది కూడా ఖరీదైనా కొబ్బరి చిప్పల బిళ్లలతో, రెండు కోళ్లు పెట్టి. మాంసం కంటే ముందు ఒకసారి ఖాళీ డ్రమ్ముతో మూడు గంటలు నిప్పు నడిపి చూసుకుంటే ఇంకా మంచిది. బొగ్గు దండగ అనిపిస్తుంది కానీ మూడు కిలోల మటన్ పారేసినదానికంటే తక్కువే. బాయిలర్ కోడికి 135 దాకా పోనివ్వండి, తొడ లోపల 74 చూపిస్తే అయిపోయినట్టు. నాటు కోడిని మాత్రం పూర్తిగా దీంట్లో వండాలని చూడకండి, రబ్బరు అవుతుంది. గంట పొగ పట్టించి ఆ తర్వాత పులుసు పెట్టుకోండి, అది వేరే లెవెల్.

డాబా మీద పెట్టేవాళ్లకి కూడా బుట్టే, కట్టె ముక్కలు ఒకటీ రెండుకి మించకుండా. మీది నాలుగో అంతస్తయితే బూడిద ఎగిరి కిందికి పోతుంది, గాలి రోజు మానుకోండి. వాన వచ్చిందని స్మోకర్‌ని షెడ్డులోకీ మెట్ల కిందికీ లాగితే బొగ్గు నిప్పులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా మనిషిని పడేస్తుంది, కాబట్టి తడిస్తే తడవనీ.

ఆదివారం పొద్దంతా ఇంట్లోనే ఉండి, పొట్టేలు జబ్బ మీద మనసు పడ్డవాళ్లకి పడక, పేళ్లు. ఈ రకం మనిషికి నిప్పు దగ్గర కూర్చోవడం శిక్ష కాదు, అదే సరదా.

రాత్రి పెట్టి పడుకుని పొద్దున తీయాలనే ఆలోచన ఉన్నవాళ్లు పల్చటి డ్రమ్ముతో అది మర్చిపోండి. మందం పెట్టె, బుట్ట, గాలి మూత దగ్గర చిన్న ఫ్యాను, వేడిని బట్టి దాన్ని నడిపే కంట్రోలరు ఉంటే కుదురుతుంది. కరెంటు పోతే ఏంటని ముందే ఆలోచించుకోండి. కట్టె పద్ధతికి ఈ ఫ్యాను పనికిరాదు, అది ఆగినప్పుడల్లా కట్టె పొగబెడుతుంది.

దావత్ వాళ్లకి పార నిప్పులు, ఇందులో నాకు రెండో మాట లేదు. సాగర్ నుంచి తెచ్చిన కొర్రమీనుకి బుట్ట, 100 దగ్గర, బత్తాయి ముక్క ఒక్కటి.

ఎండా, గాలీ

మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఉన్న డ్రమ్ము నిప్పు పెట్టకముందే చెయ్యి కాలేంత వేడెక్కి ఉంటుంది. అప్పుడు డిసెంబర్ తెల్లవారుజామున వేసినన్ని బొగ్గులు వేస్తే అదుపు తప్పుతుంది, నేను మూడో వంతు తగ్గిస్తాను. మాంసాన్ని కూడా ఆ వేడిలో బయట పెట్టి ఉంచకండి, డ్రమ్ము తయారయ్యాకే ఫ్రిజ్‌లోంచి తీయండి. జూన్, జులైలో పడమటి గాలి జోరుగా ఉంటుంది, పాలమూరు మైదానాల్లో అయితే చెప్పక్కర్లేదు. గాలి మూత దానికి ఎదురుగా ఉంటే కొలిమి తిత్తి పెట్టినట్టే, వేడి ఒక్కసారిగా 40 డిగ్రీలు లేస్తుంది. నిప్పు పెట్టె నోరు గాలికి అడ్డంగా తిప్పి పెట్టండి, లేదా రెండడుగుల దూరంలో ఒక రేకు అడ్డం పెట్టండి. వానాకాలం బొగ్గు తేమ పీలుస్తుంది, ప్లాస్టిక్ డ్రమ్ములో మూతపెట్టి దాచుకోండి.

గాడి తప్పినప్పుడు

అందరూ కంగారు పడేది ఇక్కడ. మాంసం లోపలి వేడి 65, 70 దాకా చకచకా ఎక్కి అక్కడ ఆగిపోతుంది. గంట, గంటన్నర, ఒక్క డిగ్రీ కదలదు. నిప్పు తగ్గిందేమోనని బొగ్గు మీద బొగ్గు వేస్తారు, పైన మాడుతుంది, లోపల అలాగే ఉంటుంది. అక్కడ జరిగేది చెమట పట్టడం లాంటిదే: మాంసం మీది తేమ ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోంది, కుండలో నీళ్లు చల్లబడినట్టు. మీ నిప్పు తప్పేమీ లేదు. ఆగగలిగితే ఆగండి, లేకపోతే పైన రంగు నచ్చిన దగ్గర అరిటాకులో చుట్టి, దాని మీద ఫాయిల్ చుట్టి మళ్లీ పెట్టండి, ఆవిరి ఆగిపోయి వేడి ఎక్కుతుంది. జబ్బకి 93, 95 దాకా రావాలి, సలాక గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. మన యాట మాంసంలో కొవ్వు తక్కువ, చుట్టకుండా చివరిదాకా ఉంచితే ఒట్టి తునకలే మిగులుతాయి. చుట్టాక పొగ ఎలాగూ లోపలికి పోదు కాబట్టి, అప్పట్నుంచి కట్టె దండగ, ఒట్టి బొగ్గు నిప్పు చాలు.

వేడి 150 దాటిపోతే నిప్పు పెట్టెలోంచి రెండు పారల నిప్పులు తీసి ఇనుప తట్టలో వేయండి, అన్నింటికంటే వేగంగా పనిచేసేది ఇదే. నీళ్లు చల్లితే బూడిద లేచి మాంసం మీద పడుతుంది. లోపల కొవ్వు కారి అంటుకుంటే మూత తెరవకండి, గాలి మూత, గొట్టం రెండూ మూసేయండి. గొట్టం మూయాల్సిన సందర్భం వంట మధ్యలో ఇదొక్కటే. అలా మూసిన పెట్టె తలుపు మళ్లీ తెరిచేటప్పుడు ఎదురుగా నిలబడకండి, గాలి తగలగానే మంట బయటికి ఎగబడుతుంది. పక్కన నిలబడి ముందు సందుగా తీసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పూర్తిగా తీయండి. నా ఎడమ కనుబొమ్మ ఒక నెలంతా సగమే ఉండేది.

వంట అయ్యాక మూతలు రెండూ బిగిస్తే మిగిలిన బొగ్గు ఆరిపోయి ఉంటుంది, మర్నాడు బూడిద జల్లించి ఏరుకుంటే కిలో దాకా దొరుకుతుంది. ఒకసారి కాలిన ఆ బొగ్గు తొందరగా అంటుకుంటుంది, తెల్ల పొగ పెట్టదు, దాన్ని విడిగా దాచి వచ్చేసారి డబ్బాలో రాజేయడానికి వాడతాను. బూడిద మాత్రం ఆ రోజే తీసి చెత్తబుట్టలో వేయకండి, పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రాత్రంతా ఉంటుంది. ఇనుప బకెట్‌లో రెండు రోజులుంచి, కట్టె బూడిద అయితే బత్తాయి చెట్ల మొదట్లో పోసేస్తాను.